కోడిపిల్లల్ని పొద్దుగూకేటప్పుడు వదలండి

నమస్కారమండీ. ఈ రోజు కోడిపిల్లల గురించి. షెడ్లలో వేలకు వేలు పెంచే బ్రాయిలర్ల గురించి కాదు, పెరట్లో ఓ ఇరవై ముప్పై పెంచుకుందామనుకునే నాలాంటి వాళ్ల గురించి.

నాటుకోడి పొదిగిన పిల్లలైతే మనకు పనే లేదు, తల్లే రెక్కల కింద పెట్టుకుంటది, తల్లే తిప్పుతది, గద్ద నీడ పడితే తల్లే అరుస్తది. వనరాజా పిల్లలు అట్లా కాదు. మన రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో తయారైన రకం అది, హేచరీ నుంచి అట్టపెట్టెలో వస్తాయి, తల్లి మొహం ఎరగవు, వాటికి తల్లయినా ఏదైనా బల్బే. మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తూ పోవాలి, బల్బు కొంచెం కొంచెం పైకి కడితే సరిపోతది. ఇంతవరకు అందరూ చెప్తారు. ఆ తర్వాత బయటికెట్లా తేవాలో మాత్రం నాకెవరూ చెప్పలేదు.

మొదటిసారి ఇరవై పిల్లల్ని తెచ్చా. మూడు వారాలు దాటాయి, ఒకరోజు పొద్దున్నే ఎండ బాగుందని పెరట్లోకి వదిలేశా. ఎంత సంబరంగా తిరిగాయో! మధ్యాహ్నం మబ్బు పట్టి వాన మొదలైంది. గూడు ఎక్కడో వాటికి తెలీదు, తెలిసేదెట్లా, అప్పటిదాకా ఇంట్లో గదిలోనే ఉన్నాయి కదా. కొన్ని గడ్డివాము కిందికి, కొన్ని పక్కింటి గోడ వెనక్కి దూరాయి. చీకట్లో నేనూ మా ఆవిడా ఫోన్ లైట్లు వేసుకుని వెతికితే పదిహేడు దొరికాయి. తడిసినవాటిని తడిసినట్టే కొత్త గూట్లో వేసి పడుకున్నా, అదీ నా తెలివి. తెల్లారి చూస్తే అన్నీ ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కున్నాయి, అడుగున నాలుగు చచ్చిపోయి ఉన్నాయి, పైవాటి బరువుకి ఊపిరాడక.

పక్కింటి ముసలమ్మ వచ్చి చూసి ఒకటే మాటంది, "పొద్దుగాల ఎవరిడుస్తరు బిడ్డా, పొద్దుగూకేటప్పుడు ఇడువాలె గని."

పొద్దుగూకేటప్పుడు! రెండోసారి తెచ్చినప్పుడు ఆమె మాటే విన్నా. ఐదు వారాలు దాటేదాకా ఆగా, వీపు మీద నూగు పోయి ఈకలు నిండాయా లేదా అని ఒక్కోదాన్ని పట్టుకుని చూశా. నాలుగో వారంలో కొక్కెర తెగులుకి రెండోసారి లాసోటా టీకా చుక్క కంట్లో వేయించా. బల్బు ముందు పగలు ఆపి, తర్వాత రాత్రుళ్లు కూడా ఆపేసి అలవాటు చేశా. అప్పుడు బయట గూట్లోకి మార్చి మూడు రోజులు తలుపే తీయలేదు, ఆ గూడే తమ ఇల్లని వాటి బుర్రకెక్కాలి కదా.

నాలుగో రోజు మధ్యాహ్నం నుంచి నీళ్లే పెట్టి మేత ఆపా, సాయంత్రం ఐదింటికి తలుపు తీశా. ఆకలి మీదున్నాయి, దానికి తోడు కొత్త చోటు, ఎక్కువ దూరం పోలేదు. గంటలో చీకటి పడుతుంటే గూట్లో మేత పెట్టి పళ్లెం కొడుతూ బా బా బా అన్నా, ఒక్కటి కూడా మిగలకుండా లోపలికొచ్చాయండీ! మర్నాడు అరగంట ముందు వదిలా, ఆ మర్నాడు ఇంకో అరగంట ముందు. వారం తిరిగేసరికి మధ్యాహ్నం నుంచే బయటున్నాయి, ఆ తర్వాత పొద్దున్నుంచి.

టైం అయిపోతోందని అవతల సైగ చేస్తున్నారు, ఇదొక్కటి చెప్పేస్తా. గూడు మూలల్లో ఊక ఎత్తుగా పోసి గుండ్రంగా చేయండి. మొదటి నాలుగు రాత్రులు ఎనిమిదింటికోసారి టార్చి వేసి చూడండి. విడివిడిగా పరుచుకుని పడుకుంటే ఏం భయం లేదు. గుట్టగా పడుంటే చేత్తో విడదీసి ఆ గూట్లోనే బల్బు మళ్లీ కట్టండి, అందుకే దాన్ని అప్పుడే అటకెక్కించకండి.