మంచు కరిగిన తేదీ రాసుకునే ఊరు

[దృశ్యం: కొండల మధ్య పచ్చిక మైదానం. నాలుగు మూలలా చిన్న గుర్తులు పాతిన జాగా.]

ఈ నలుచదరం చూడండి. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు. మన ఇంట్లో డబుల్ కాట్ మంచం పట్టేంత జాగా, అంతే. పక్కన మోకాళ్ల మీద కూర్చున్న అమ్మాయి పూలు లెక్కపెడుతోంది. కోయదు, ఫొటో దిగదు. రకానికి ఎన్ని విచ్చాయో రాసుకుంటుంది, లేచి పక్క జాగాకి వెళ్తుంది. ఎల్లుండి మళ్లీ వస్తుంది. ఈ లెక్క 1974 నుంచి నడుస్తోంది.

ఊరి పేరు గోథిక్. అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలో, క్రెస్టెడ్ బ్యూట్ అనే ఊరి దగ్గర. ఎత్తు దాదాపు 2,900 మీటర్లు. మన ఆంధ్రాలో ఎంత పెద్ద కొండ ఎక్కినా 1,700 మీటర్లు దాటం కదా, దాంతో పోల్చుకోండి.

[దృశ్యం: పాత చెక్క ఇళ్లు, వెనక గోథిక్ శిఖరం.]

1879లో వెండి కోసం జనం ఎగబడితే పుట్టిన ఊరిది. వెండి అయిపోగానే ఖాళీ అయింది. 1928లో గన్నిసన్ కాలేజీలో పాఠాలు చెప్పే జాన్ జాన్సన్ అనే ప్రొఫెసర్ ఈ పాడుపడ్డ ఊళ్లోనే రాకీ మౌంటెన్ బయలాజికల్ ల్యాబొరేటరీ పెట్టారు. ల్యాబొరేటరీ అనగానే తెల్లకోట్లు, గాజు సీసాలు గుర్తొస్తాయి. ఇక్కడ ల్యాబ్ అంటే కొండే.

వేసవి రాగానే కాలేజీ పిల్లలు దిగుతారు. కొందరు ఫీల్డ్ కోర్సులకి, కొందరు ఒక సైంటిస్టు దగ్గర సొంత ప్రాజెక్టు చేయడానికి. సీజన్ చివర్లో తాము చూసింది అందరి ముందూ నిలబడి చెప్పాలి. మన దగ్గర వైవా టెన్షన్ లాంటిదే. కాకపోతే ఇక్కడ రికార్డు బుక్కు పక్కవాడి దగ్గర కాపీ కొట్టడం కుదరదు, ఎవరి పురుగు వాళ్లదే.

[దృశ్యం: తెల్లవారుజాము. బండరాళ్ల మధ్య ఇనుప బోను.]

మార్మట్ల టీమ్‌లో పడ్డవాళ్ల పని చూద్దాం. మార్మట్ అంటే ఉడుత కుటుంబానికి చెందిన జంతువు. కానీ బాగా ఎదిగితే పిల్లి కంటే బరువు తూగుతుంది. ఏడెనిమిది నెలలు నేల కింద నిద్రపోతుంది. 1962లో కెన్ ఆర్మిటేజ్ అనే సైంటిస్టు మొదలుపెట్టిన ఈ పరిశీలనని తర్వాత డాన్ బ్లమ్‌స్టీన్ అందుకున్నారు.

బోనులో ఎరగా పెట్టేది గుర్రాల దాణా. మార్మట్ పడగానే దాన్ని గుడ్డసంచిలోకి దింపుతారు. చీకట్లో కాస్త నెమ్మదిస్తుంది. బరువు చూస్తారు. మన బర్రెలకి వేసినట్టే చెవికి నంబరు రేకు వేస్తారు. వీపు మీద నల్ల రంగుతో ఒక గుర్తు గీస్తారు, దూరం నుంచి టెలిస్కోప్‌లో చూసినా ఏది ఎవరో తెలిసేలా. అది ఈల వేసి అరిస్తే మైకు పెట్టి రికార్డు చేస్తారు. బోనులో పెంటిక వేసిందా, అదీ జాగ్రత్తగా దాస్తారు. అందులోని హార్మోన్లని బట్టి ఆ జీవి ఎంత ఒత్తిడిలో ఉందో తెలుస్తుంది మరి. తర్వాత వదిలేస్తారు.

[దృశ్యం: మంచులో కూరుకుపోయిన చిన్న ఇల్లు.]

నాకు ఈ ఊళ్లో అందరికంటే నచ్చిన మనిషి మాత్రం ప్రొఫెసర్ కాదు. బిల్లీ బార్. 1972లో విద్యార్థిగా వచ్చాడు, అక్కడే ఉండిపోయాడు. చలికాలం ఈ ఊరికి కారు రాదు, నాలుగు మైళ్లు స్కీల మీదే, అంటే కాళ్లకి కట్టుకుని మంచు మీద జారే పలకల మీదే రావాలి. ఏం తోచక పుస్తకంలో రాయడం మొదలుపెట్టాడు: ఇవాళ ఎంత మంచు పడింది, చలి ఎంత, ఏ పిట్ట ఎప్పుడొచ్చింది, మొదటి మార్మట్ ఏ రోజు బయటికొచ్చింది.

ఆ పుస్తకాలు చివరికి సైన్సు పేపర్లోకి ఎక్కాయి. 2000లో వచ్చిన ఆ పేపర్లో రచయితల వరసలో ఆయన పేరూ ఉంది. 23 ఏళ్ల కిందటితో పోలిస్తే మార్మట్లు 38 రోజులు ముందే నిద్ర లేస్తున్నాయని అందులో తేలింది. గాలి వేడెక్కింది కానీ అప్పటికి మంచు కరిగే తేదీ పెద్దగా మారలేదు. అంటే పాపం, ఆకలితో బయటికొస్తే గడ్డి ఇంకా మంచు కిందే ఉంది.

తర్వాతి ఏళ్లలో మంచు కూడా ముందే కరగసాగింది. ఇక్కడ కథ పూల మీదికి మళ్లింది.

[దృశ్యం: పసుపు పచ్చని ఆస్పెన్ సన్‌ఫ్లవర్. పక్కనే మాడిన మొగ్గ.]

మంచు తొందరగా పోతే పూలకి మంచిదే అనుకుంటాం. ఆస్పెన్ సన్‌ఫ్లవర్ అనే ఈ మొక్క దగ్గర లెక్క తిరగబడింది. మంచు పోగానే మొక్క లేస్తుంది, మొగ్గ తొడుగుతుంది. కానీ జూన్‌లో రాత్రిళ్లు ఇంకా గడ్డకట్టే చలే. ఒక్క రాత్రి చాలు, లేత మొగ్గ మాడిపోతుంది. 1992 నుంచి 1998 దాకా సగటున 36 శాతం మొగ్గలు అలా పోయేవి. 1999 నుంచి 2006 మధ్య అది 74 శాతానికి చేరింది. మొగ్గ పోతే గింజ లేదు, గింజ తిని బతికే పురుగుకీ కూడు లేదు. ఇది కనిపెట్టిన డేవిడ్ ఇనోయే, మొదట్లో చూపించిన పూల లెక్క మొదలుపెట్టిన మనిషే. 39 ఏళ్ల లెక్కలో 60 రకాల పూలని కలిపి చూస్తే, ఈ కొండ మీద పూల కాలం మునుపటికంటే 35 రోజులు పెరిగిందని కూడా తేలింది.

[దృశ్యం: నడక దారిలో సందర్శకులు.]

డెన్వర్ వైపు ఉన్న మనవాళ్లూ, అటు వెళ్లే చుట్టాలూ ఉంటే జులైలో వెళ్లండి, పూలు అప్పుడే దండిగా ఉంటాయి. వేసవిలో సందర్శకులకి గైడ్‌తో టూర్లు, పూల నడకలు, పిల్లలకి నేచర్ క్యాంపులు పెడతారు. ఎత్తుకి మొదటి రోజు తలనొప్పి రావచ్చు, నీళ్లు బాగా తాగండి. దారి దిగి గడ్డిలోకి మాత్రం నడవకండి. చిన్న జెండానో, నేలలో పాతిన నంబరు రేకో కనిపిస్తే మరీ జాగ్రత్త. సెల్ఫీ కోసం మీరు కాలు పెట్టిన చోట ఎవరో రేపు పొద్దున్నే మోకాళ్ల మీద కూర్చోబోతున్నారు.