తిరిగొచ్చిన ప్యాకెట్లు

అందరికీ నమస్కారం. మేడమ్ గారు నన్ను పారిశ్రామికవేత్త అని పరిచయం చేశారు. ఆ మాట మా వీధిలో అంటే ఎవరి గురించో ఎవరికీ అర్థం కాదు. బెజవాడ సత్యనారాయణపురం వచ్చి పిండి ఆంటీ ఇల్లెక్కడ అని అడగండి, చూపిస్తారు. ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి కొట్లకు వేస్తాను. 2019 జనవరిలో మొదలుపెట్టాను. మీరంతా బీకామ్ ఫైనలియర్ కాబట్టి లెక్కలే చెబుతాను, బోర్ కొడితే చెప్పండి.

రెండు గాజులు తాకట్టు పెట్టి సెకండ్ హ్యాండ్‌లో గ్రైండర్ కొన్నాను. ప్రభుత్వ ముద్ర లోన్లలో శిశు అనే రకం కింద 50 వేల వరకు హామీ లేకుండా లోన్ ఇస్తారని అప్పటికే విన్నాను. కానీ బ్యాంకుకు వెళ్లి అడగడానికి మొహమాటం. ఆ మొహమాటానికి రెండేళ్లు వడ్డీ కట్టాను.

మొదటి నెల అంతా బ్రహ్మాండంగా ఉందనుకున్నాను. పదిహేను కొట్లు, రోజుకు 40 ప్యాకెట్లు, ఒక్కోటి కిలో. కొట్టుకు 45కి ఇస్తే వాళ్లు 55కి అమ్ముకునేవాళ్లు. మినపగుళ్లు, రవ్వ, కవరు, కరెంటు, పెట్రోలు కలిపి నాకు ప్యాకెట్‌కు 35 పడేది. పది మిగులు. నలభై పదులు నాలుగు వందలు. ఈ లెక్క క్యాలెండర్ వెనక రాసి మా అత్తయ్యకు చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి, "బానే ఉందమ్మా, మరి డబ్బాలో డబ్బులేవీ?" అన్నారు.

ఆ డబ్బులు స్కూటీ మీద ఇంటికి తిరిగొస్తున్నాయి, పిండి రూపంలో. మా వ్యాపారంలో అమ్ముడుపోని ప్యాకెట్ మేమే వెనక్కి తీసుకోవాలి. పిండి రుబ్బాక ఊరుకోదు, పులుస్తూనే ఉంటుంది. మే నెలలో బెజవాడ ఎండ నలభై దాటిందంటే ఫ్రిజ్ బయట పెట్టిన కవరు కాసేపట్లోనే బెలూన్ అవుతుంది. రోజూ ఆరు ప్యాకెట్లు అలా ఉబ్బి తిరిగొచ్చేవి. ఆరే కదా అనుకునేదాన్ని.

ఇప్పుడు మీరు పెన్ను తీయండి. నలభై ఇచ్చి ఆరు తిరిగొస్తే అమ్మింది 34. వచ్చింది 1,530. ఖర్చు నలభైకీ అయింది కాబట్టి 1,400. మిగిలింది 130. అదే 34 అమ్ముతూ, నలభైకి బదులు 36 మాత్రమే చేసి ఉంటే? ఖర్చు 1,260, మిగులు 270. అమ్మకం ఒక్క ప్యాకెట్ కూడా పెరగలేదు, మిగులు రెట్టింపు దాటింది. నేనేమో ఆ నెలంతా పదహారో కొట్టు కోసం ఎండలో తిరిగాను.

ఆ రోజు నుంచి ఒక నోటు పుస్తకం పెట్టాను. ఎన్ని ఇచ్చామో అందరూ రాసుకుంటారు. నేను ఎన్ని తిరిగొచ్చాయి, ఏ కొట్టు నుంచి, ఏ వారం అని రాశాను. రెండు నెలలకు చూస్తే తిరిగొచ్చిన వాటిలో సగానికి పైగా మూడే కొట్లవి. ఒక రోజు రాత్రి తొమ్మిదిన్నరకు అందులో ఒక కొట్టుకి వెళ్లాను. ఆయన షట్టర్ దించే ముందు ఫ్రిజ్ స్విచ్ ఆపేస్తున్నారు. "బాబాయ్ గారూ, ఇదేంటండీ?" అంటే, "రాత్రంతా కరెంటు బిల్లు నువ్వు కడతావా అమ్మా?" అన్నారు. ఆయన ఫ్రిజ్‌లో ఉండేవి కూల్‌డ్రింకులు, పొద్దున పదింటికి మళ్లీ చల్లబడతాయి. ఆయన లెక్క ఆయనకు కరెక్టే. అక్కడ గొడవ పడి లాభం లేదు. ఆ మూడు కొట్లకూ పొద్దున మాత్రమే, అదీ అరకిలో ప్యాకెట్లు వేసి, సాయంత్రం మిగిలినవి నేనే తెచ్చుకోవడం మొదలుపెట్టాను. ఉబ్బకముందే తెస్తే కాస్త పులిసిన పిండి పారబొయ్యక్కర్లేదు. మన ఊళ్లో పునుగుల బండ్లకు కొదవా? కిలో పాతికకు ఇచ్చేదాన్ని. లాభం లేదు కానీ మొత్తం పోయే డబ్బులో చాలా వరకు వెనక్కి వచ్చేది.

పుస్తకం ఇంకోటి చెప్పింది. శనివారం ఒక్కటీ తిరిగి రాదు. శనివారం రాత్రి ఎంతమంది అన్నం మానేసి టిఫిన్ తింటారో మీకు తెలుసు. కార్తీక సోమవారాలూ అంతే. అయ్యప్ప మాలలు వేసుకునే రోజుల్లో ఒక్కో ఇంటికి రెండేసి ప్యాకెట్లు. మా అత్తయ్య పాతికేళ్లుగా శనివారం ఉపవాసమే, నా కళ్ల ముందే. అయినా పుస్తకంలోకి ఎక్కేదాకా నా లెక్కలోకి రాలేదు. దసరాల్లో మాత్రం తలనొప్పి. దుర్గమ్మ గుడికి వచ్చే భక్తుల కోసం ట్రాఫిక్ మళ్లిస్తే వన్ టౌన్ కొట్లకు చేరేసరికి పిండి పులిసేది. ఇప్పుడు ఆ పది రోజులూ వన్ టౌన్‌కు వెయ్యడం మానేశాను.

మీలో ఎవరో ఇప్పటికే పట్టుకుని ఉంటారు. ఆ 35 రూపాయల్లో నా కూలి లేదు. మా ఆయన కూలీ లేదు. ఇద్దరం తెల్లవారుజామున నాలుగింటికి లేచేవాళ్లం, ఇంటి పనే కదా అన్నట్టు. 2021లో మా ఇద్దరి కూలీ ఖర్చులో వేస్తే కొట్టుకు ఇచ్చే ధర 52 చేయక తప్పలేదు. నాలుగు కొట్లు మానేశాయి. నాకు వారం రోజులు నిద్ర లేదు. అందులో రెండు మళ్లీ వచ్చాయి.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. నేను మొదలుపెట్టినప్పుడు ఏడాది అమ్మకం 12 లక్షల లోపైతే ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ చాలు, ఏడాదికి వంద రూపాయలు. దాటితే లైసెన్స్ కావాల్సి వచ్చేది. రోజుకు 75 ప్యాకెట్లంటే పెద్ద వ్యాపారంలా అనిపించదు. 45తో, 365తో గుణించండి, 12 లక్షలు దాటిపోతుంది. నేను గుణించలేదు, ఆలస్యంగా తెలుసుకుని పరుగెత్తాను. చిన్న వ్యాపారాలు ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్‌తో మీరే చేసుకోవచ్చు. నేను మాత్రం నెట్ సెంటర్లో 1,500 ఇచ్చి చేయించుకున్నాను.

ఆ ఉద్యమ్ చేయించుకుందీ దెబ్బ తిన్నాకే. 2022లో ఒక హాస్టల్ వాళ్లు రోజుకు 60 కిలోలు కావాలన్నారు, నెలాఖరుకు బిల్లు. ఎగిరి గంతేశాను. మొదటి నెల డబ్బు వచ్చింది, రెండో నెల సగం వచ్చింది. తర్వాత "చెక్కు సంతకానికి వెళ్లింది మేడమ్" అన్న మాట తప్ప ఇంకేం రాలేదు. లక్షా పది వేలు రావాలి. చిన్న తయారీదారులకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నుంచే చట్టం ఉంది, కట్టకపోతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ. అయితే సరుకు ఇచ్చేనాటికే మనం ఉద్యమ్‌లో రిజిస్టర్ అయి ఉండాలన్నారు. నేను కాలేదు. తిరిగి తిరిగి 70 వేలు రాబట్టాను. అప్పటి నుంచి ఎంత పెద్ద బేరమైనా ఒక్కరికే నా పిండిలో ఐదో వంతు మించి ఇవ్వను.

ఇంత తెలివి వచ్చిందనుకున్నాక 2024 సెప్టెంబర్ 1 వచ్చింది. బుడమేరు వాగు పొంగి ఊరిని ముంచింది. నా కొట్లలో పదకొండు సింగ్ నగర్‌లో, పాయకాపురంలో ఉన్నాయి. ఒక్కరికే అమ్మకూడదని నేర్చుకున్నాను కానీ, పదకొండు మంది ఒకే పల్లంలో ఉన్నారని చూసుకోలేదు. వాళ్ల దగ్గర 38 వేలు రావాలి. ఫ్రిజ్‌లే బురదలో తేలుతుంటే ఎలా అడుగుతాను? పుస్తకంలో ఆ పేజీలకు పిన్ను కొట్టి పక్కన పెట్టాను. తొమ్మిది మంది ఆర్నెల్లలో తీర్చారు. ఇద్దరు కొట్టు మళ్లీ తెరవలేదు.

ఇవాళ శుక్రవారం. రేపటికి 310 ప్యాకెట్లు పోవాలి, మినపగుళ్లు నానబోసే టైమైంది. ప్రశ్నలుంటే తొందరగా అడగండి.