ముందస్తు మంజూరు మనిషికా, ఇంటికా?

వ్యాఖ్యాత: నమస్కారం. బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఫ్లాట్లు చూస్తున్న మన తెలుగువాళ్ళలో చాలామంది, ‘మీకు గృహరుణం ప్రీ-అప్రూవ్ అయింది’ అని ఫోనుకు సందేశం రాగానే డబ్బు చేతికి వచ్చినట్టే లెక్కలు వేసుకుంటున్నారు. బ్యాంకులో గృహరుణాల విభాగంలో పనిచేసి రిటైరైన మేడం ఈ రోజు మనతో ఉన్నారు. మేడం, ఆ సందేశానికి విలువ ఎంత?

అతిథి: కరపత్రానికి ఉన్నంత. పే స్లిప్పులు, జీతంలో పన్ను కోతను చూపుతూ యజమాని ఇచ్చే ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంట్లు చూసి, పాత అప్పులు ఎలా కట్టారో చెప్పే సిబిల్ స్కోరు తెప్పించుకున్న తర్వాత బ్యాంకు రాసిచ్చే ప్రాథమిక మంజూరు పత్రం వేరే సంగతి. అయితే అది కూడా మీ తాహతుకు ఇచ్చిన మాటే గాని, మీరు కొనబోయే ఇంటికి ఇచ్చిన మాట కాదు.

వ్యాఖ్యాత: తాహతును ఎలా లెక్కకడతారు?

అతిథి: నెలకు 1,20,000 రూపాయలు చేతికి వస్తున్నాయనీ, వాయిదాలన్నీ కలిపి అందులో సగం దాటకూడదని బ్యాంకు నియమం పెట్టుకుందనీ అనుకుందాం. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ళకు తీసుకుంటే లక్షకు నెలవాయిదా సుమారు 868 రూపాయలు కాబట్టి, 60,000 వాయిదాకు దాదాపు 69 లక్షల రుణం వస్తుంది. ఇంటి ముందు 14,000 వాయిదా కట్టే కారు ఉంటే అది 53 లక్షలకు పడిపోతుంది. ఇల్లు కొనే ముందు కారు కొనవద్దని మా బ్రాంచిలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు, విన్నవాళ్ళు తక్కువ.

వ్యాఖ్యాత: మిగిలిన సొమ్ము మన చేతిలో ఉండాలి కదా?

అతిథి: చాలామంది తప్పటడుగు వేసేది అక్కడే. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల వరకు రుణమైతే ఇంటి విలువలో 90 శాతం, 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం మించి ఇవ్వరు. 80 లక్షల ఫ్లాటుకు గరిష్ఠంగా 64 లక్షలు. పైగా స్టాంపు డ్యూటీ 5 శాతం, 2025 ఆగస్టు 31 నుంచి కర్ణాటకలో 2 శాతమైన రిజిస్ట్రేషన్ రుసుము ఆ విలువలోకి రావు. అంటే 16 లక్షలకు తోడు మరో 5,60,000, వాటిపైన సెస్సు, సర్‌చార్జీ మీరే చూసుకోవాలి.

వ్యాఖ్యాత: నా అనుభవం చెబుతాను. మంజూరు పత్రం చేతిలో ఉందన్న ధీమాతో ఒక యజమానికి 2 లక్షలు బయానా ఇచ్చేశాను. తీరా కాగితాలు చూసిన బ్యాంకు న్యాయవాది, అది బి ఖాతా, అంటే అనుమతులు సక్రమంగా లేని ఆస్తుల జాబితాలోది అని తిరస్కరించారు. ఆ బయానా రాబట్టుకోవడానికి నాలుగు నెలలు తిరిగాను.

అతిథి: పత్రం చివర ‘న్యాయ, సాంకేతిక పరిశీలనకు లోబడి’ అన్న వాక్యం ఉండే ఉంటుంది, మీరు చదివి ఉండరు. న్యాయవాది లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత పత్రాలు), ఈసీ (ఆస్తిపై నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో నివసించవచ్చని స్థానిక సంస్థ ఇచ్చే పత్రం) చూస్తారు. ఇంజనీరు కట్టిన విలువ ధర కంటే తగ్గితే రుణమూ తగ్గుతుంది. బెంగళూరులో ఖాతా అంటే నగరపాలక సంస్థ పన్ను లెక్కలో ఎక్కిన పేరే తప్ప హక్కు పత్రం కాదు. అందుకే, రుణం రాకపోతే బయానా తిరిగి ఇవ్వాలన్న షరతు ఒప్పందంలో రాయించుకున్నాకే డబ్బు ఇవ్వాలి. బిల్డరు దగ్గర కొంటే, రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 13వ సెక్షను ప్రకారం, రిజిస్టరు చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు.

వ్యాఖ్యాత: నాలుగైదు బ్యాంకుల్లో ఒకేసారి దరఖాస్తు పెట్టవచ్చా?

అతిథి: ప్రతి దరఖాస్తుకూ జరిగే విచారణ మీ క్రెడిట్ నివేదికలో నమోదవుతుంది, కాబట్టి వడ్డీలు ముందే అడిగి తెలుసుకుని ఒకటి రెండింటికే పెట్టండి. పత్రానికి కొన్ని నెలలే గడువు ఉంటుంది. ఈలోగా ఉద్యోగం మారినా, కొత్త రుణం తీసుకున్నా బ్యాంకు మళ్ళీ మొదటినుంచి లెక్క చూస్తుంది.