గుప్పెడు బియ్యం పద్దు

శ్రోతలకు నమస్కారం.

సైదాబాద్ మీదుగా సిటీ బస్సులో వెళ్ళేవారికి ఐ.ఎస్. సదన్ అనే స్టాపు తెలిసే ఉంటుంది. కండక్టరు పేరు పిలుస్తాడు, దిగవలసినవాళ్ళు దిగుతారు. ఆ రెండు పొడి అక్షరాల వెనుక ఇందిరా సేవా సదన్ ఉంది. దిక్కులేని పిల్లలకు నీడనిచ్చిన సంస్థ అది. దాన్ని స్థాపించినవారు సంగం లక్ష్మీబాయి. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకు వెళ్ళారు. తరువాత మెదక్ నుంచి మూడుసార్లు లోక్‌సభకు ఎన్నికయ్యారు. రోజూ వేలమంది నోట పలికే ఆ స్టాపు పేరులో ఆవిడ పేరు మాత్రం లేదు.

ఈ సంగతి నాకు మొన్న మా మహిళా సంఘం రాష్ట్ర మహాసభలో గట్టిగా గుర్తుకొచ్చింది. సభ నారాయణగూడలో రెండు రోజులు జరిగింది. ముందుతరాల స్త్రీలు చేసిన పనిని వెలికితీయడం, ఇప్పుడు చేయవలసిన సేవ చేయడం, ఈ రెండూ మా సంఘం పెట్టుకున్న పనులు. నేను నగర శాఖ తరఫున ప్రతినిధిగా వెళ్ళాను.

జ్యోతి ప్రజ్వలన, స్వాగతోపన్యాసం, శాలువలు, జమాఖర్చులు, కొత్త కార్యవర్గం ఎన్నిక అన్నీ జరగవలసినట్టే జరిగాయి. మధ్యాహ్నం బగారా అన్నం, పచ్చిపులుసు ముందు కూర్చున్నాక జిల్లాల హద్దులు చెరిగిపోయాయి. కొత్తగా పరిచయమైనవాళ్ళు అప్పుడే వదినా, అక్కా అని పిలుచుకుంటున్నారు.

తరువాత శాఖల నివేదికలు. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. ఇన్ని దుప్పట్లు పంచాం, ఇన్ని వైద్య శిబిరాలు పెట్టాం, ఇంతమందికి కుట్టుపని నేర్పాం. ఆ పనుల వెనుక ఎంత తిరుగుడు ఉంటుందో నాకు తెలుసు కనుక ప్రతి అంకెనూ గౌరవంతోనే విన్నాను. అయినా నాలుగైదు నివేదికలు అయ్యేసరికి అవన్నీ ఒకే నివేదికలా వినిపించసాగాయి. అంకెలు ఉన్నాయి, మనుషులు కనబడటం లేదు.

అప్పుడు ఒక పెద్దావిడ లేచారు. ఎనభైకి దగ్గరగా ఉంటారు. చేతిలో టైపు చేసిన కాగితాలు లేవు, పాత గుడ్డ చుట్టిన పొడుగాటి పద్దు పుస్తకం ఉంది. వాళ్ళ ఊళ్ళో వాళ్ళ అత్తగారి కాలంలో రాసిన గుప్పెడు బియ్యం పద్దు అది.

గుప్పెడు బియ్యం అంటే తెలియని చిన్నవాళ్ళ కోసం చెబుతాను. పూటకింత అని ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక గుప్పెడు తీసి పక్క కుండలో వేసేది. వారానికి ఒకసారి మహిళా మండలి వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి ఆ బియ్యం పోగుచేసేవారు. బాలింత ఉన్న ఇంటికో, కాళ్ళూచేతులూ ఆడని ముసలమ్మకో అవి చేరేవి. చందా అడిగితే ఇంటి మగవారిని అడగాలి. గుప్పెడు బియ్యానికి ఎవరినీ అడగనవసరం లేదు, వంటింట్లో ఆ మాత్రం అధికారం ఆమెకు ఉంది. తన చేతిలో ఉన్న ఆ కొంచెం అధికారాన్ని మరొక ఆడదాని కడుపు నింపడానికి వాడిన ఆ తెలివిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

పెద్దావిడ అద్దాలు సవరించుకుని చదివారు. పెద్ద బావి వీధి, సోలెడు. గుడి పక్క ఇల్లు, తవ్వెడు. పటేలు గారి రెండో కోడలు, మానెడు. పంతులు గారి భార్య, సోలెడు. అలా ముప్పై ఒక్క ఇళ్ళు. చదవడం ఆపి సభవైపు చూశారు. "రాసింది ఆడవాళ్ళే, ఇచ్చింది ఆడవాళ్ళే. ఒక్క ఆడమనిషి పేరు కూడా ఇందులో లేదు, గమనించారా అమ్మా?" అన్నారు.

హాలు నిశ్శబ్దమైంది. ఆవిడ పుస్తకం వెనుక నుంచి ఒక కాగితం తీశారు. నెల రోజులుగా గుర్తు తెచ్చుకుంటూ, ఊళ్ళో మిగిలిన వృద్ధుల్ని అడుగుతూ పందొమ్మిది మంది పేర్లు పోగుచేశారట. ఒక్కొక్కటే చదివారు. అధ్యక్షురాలు గంట కొట్టలేదు. పందొమ్మిదో పేరు అయ్యాక, "మిగిలిన పన్నెండుమంది దొరకలేదు" అని చెప్పి కూర్చున్నారు.

మరునాడు దాని మీదే తీర్మానం వచ్చింది. ప్రతి శాఖ తన పాత పద్దులు, దస్తరాలు వెతికి భద్రపరచాలని. ఒక సోదరి వ్యతిరేకించారు. ఆకలితో ఉన్నవారికి పెట్టవలసిన డబ్బు పాత కాగితాల మీద పెట్టడం న్యాయమా అని అడిగారు. మంచి మనసుతో అడిగిన ప్రశ్నే. కానీ ఆమెతో నేను ఏకీభవించలేకపోయాను. లేచి మాట్లాడాను కూడా. గుప్పెడు బియ్యం ఆలోచన ఎవరు చేశారో, ఎలా నడిపారో, ఎక్కడ ఆగిపోయిందో తెలియకపోతే ప్రతి తరమూ మొదటి నుంచి మొదలుపెట్టవలసిందే. తీర్మానం నెగ్గింది.

సభ ముగిశాక కొందరం కలిసి సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి వెళ్ళాం. 1901లో పుట్టిన గ్రంథాలయం అది. స్థాపించిన వారిలో కొమర్రాజు లక్ష్మణరావు గారు ఒకరు. ఆయన అక్క భండారు అచ్చమాంబ. బడికి వెళ్ళి చదువుకునే అవకాశం ఆమెకు దొరకలేదు. తమ్ముడి చదువు పక్కన కూర్చుని తనూ నేర్చుకున్నారు. ఆ చదువుతోనే స్త్రీల జీవిత చరిత్రలను సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. పేర్లను కాపాడటం, సమాజం స్థాపించడం రెండూ ఒకే మనిషి పనులు. 1905లో, ముప్పై ఏళ్ళు దాటీ దాటకముందే పోయారు.

ఆ దగ్గర్లోనే వివేకవర్ధిని విద్యాసంస్థ ఉంది. 1921 నవంబరులో అక్కడ సంఘ సంస్కార సభ జరిగింది. స్త్రీ విద్య కోసం జీవితం ధారపోసిన కార్వే గారు అధ్యక్షులు. ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఆ అవమానం నుంచే నిజాం రాష్ట్రంలోని తెలుగువారి సంస్థ ఆంధ్ర జనసంఘం పుట్టిందని మనం పాఠాల్లో చదువుకున్నాం. దాని కొనసాగింపుగా 1930లో జోగిపేటలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగింది. సురవరం ప్రతాపరెడ్డి గారు అధ్యక్షులని చాలామందికి తెలుసు. దానితోపాటే మహిళా సభ కూడా జరిగిందనీ, దానికి నడింపల్లి సుందరమ్మ గారు అధ్యక్షత వహించారనీ ఎంతమందికి తెలుసు? తరువాతి ఏళ్ళలో ఖమ్మంలో ఎల్లాప్రగడ సీతాకుమారి గారు, నిజామాబాదులో నందగిరి ఇందిరాదేవి గారు ఆ పీఠం మీద కూర్చున్నారు. ఆడపిల్లల చదువు, బాల్య వివాహాలు వారి చర్చలు. ఇప్పటి మహాసభలన్నిటికీ అక్కలు ఆ సభలు.

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. అత్తయ్య ఇంకా పడుకోలేదు. మా అత్తవారి ఊళ్ళోనూ గుప్పెడు బియ్యం ఉండేదా అని అడిగాను. "ఎందుకు లేదు? కుండ మన ఇంట్లోనే ఉండేది" అన్నారు. పుస్తకం, కలం తెచ్చుకుని మంచం పక్కన కూర్చున్నాను. అత్తయ్య కళ్ళు మూసుకుని వీధి మొదటి నుంచి ఇంటింటికీ నడిచినట్టే చెప్పుకుంటూ పోయారు. ఆరు పేర్లు రాశాను. ఏడో ఇంటి దగ్గర ఆగిపోయారు.

"ఆవిడను అందరం గాజులత్తయ్య అనేవాళ్ళం. అసలు పేరు... ఉండు, వాళ్ళ చిన్నమ్మాయిని ఉప్పల్‌లో ఇచ్చారు. పొద్దున్నే ఫోను చేద్దాం" అన్నారు.

ఏడో అంకె వేసి, పక్కన చోటు వదిలాను.

నమస్కారం.