తాబేలు గూట్లో మట్టి, ఆ మట్టిలో తడి

శ్రోతలందరికీ నమస్కారం. ఇంట్లో తాబేలును పెంచేవాళ్లు ఎక్కువగా దాని తిండి గురించి అడుగుతారు, లైటు గురించి అడుగుతారు, కానీ అది రాత్రీ పగలూ దేని మీద పడుకుంటోందో, అందులో తడి ఎంతుందో మాత్రం ఎవరూ అడగరు. పిల్ల తాబేలు డొప్ప నున్నగా ఎదుగుతుందా, బుడిపెలు తేలి వంకర పోతుందా అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది. అందుకే ఈరోజు మొత్తం దాని గురించే మాట్లాడతాను.

అంతకంటే ముందు ఒక మాట. మన నక్షత్ర తాబేలును గానీ, చెరువులో దొరికిన తాబేలును గానీ ఇంట్లో పెట్టుకోవడం నేరం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని ఎవరైనా అమ్మజూపినా కొనకండి. నేను చెప్పేది ఆఫ్రికా జాతి సల్కాటా, దక్షిణ అమెరికా జాతి రెడ్‌ఫుట్ లాంటి వాటి గురించి. వీటిని కూడా 2024లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఆ కాగితం లేకుండా పెంచొద్దు.

సల్కాటా సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉండే జంతువు. ఆ మాట వినగానే చాలామంది, ఎడారిది కదా, పొడిగా ఉంచాలి అనుకుని ఇసుక పోసి పైన బల్బు వేలాడదీస్తారు. కానీ అక్కడ కూడా అది ఎండలో కూర్చోదు. లోతుగా బొరియ తవ్వుకుని లోపలికి పోతుంది, ఆ లోపల మట్టి చల్లగా, చెమ్మగా ఉంటుంది, ఎండ ముదిరినన్నాళ్లూ ఎక్కువసేపు ఆ చెమ్మలోనే గడుపుతుంది. 2003లో వియన్నా పరిశోధకులు సల్కాటా పిల్లలను కొన్నింటిని పొడి గాలిలో, కొన్నింటిని తేమ గాలిలో, తిండిలో మాంసకృత్తులు మార్చి మార్చి పెంచి చూశారు. డొప్ప మీద పిరమిడ్లలా లేచే ఆ బుడిపెలకు ప్రధాన కారణం పొడి గాలేనని, మాంసకృత్తుల ప్రభావం చాలా తక్కువని తేలింది. లేచిన బుడిపె మళ్లీ దిగదు, ఆ తర్వాత పెరిగే భాగాన్ని మాత్రమే నున్నగా పెంచుకోగలం, అందుకే మొదటి రెండు మూడేళ్లు చాలా ముఖ్యం.

ఇక ఏం పరచాలి? మన దగ్గర సులువుగా దొరికేది, నేను నమ్మకంగా చెప్పగలిగేది కొబ్బరి పొట్టు. నర్సరీల్లో కోకోపీట్ అని దిమ్మలుగా అమ్ముతారు. కడిగిన రకమేనా అని అడిగి తీసుకోండి, ఎందుకంటే కడగని పొట్టులో ఉప్పు ఉంటుంది. అనుమానంగా ఉంటే బకెట్లో నానబెట్టి, పాత నూలు బట్టలో వేసి పిండి, నీళ్లు మార్చి మళ్లీ అదే పని రెండు మూడు సార్లు చేయండి. ఎరువు కలిపి అమ్మే కుండీ మిశ్రమం మాత్రం వద్దే వద్దు. ఒట్టి కోకోపీట్ పైపైన ఎండినప్పుడు దుమ్ము లేచి తాబేలు కళ్లలో పడుతుంది, కాబట్టి మూడు పాళ్ల పొట్టుకు ఒక పాలు జల్లించిన ఎర్రమట్టి కలిపితే బరువుగా కుదురుకుంటుంది, తవ్వుకోవడానికీ బాగుంటుంది. ఆ ఎర్రమట్టి ఎక్కడిదన్నది చూసుకోవాలి. పత్తి చేను మట్టి, మందు కొట్టిన తోట మట్టి ఎంత మెత్తగా ఉన్నా తేవొద్దు. నల్లరేగడి అసలు పనికిరాదు, తడిస్తే కాళ్లకు ముద్దలా అంటుకుంటుంది, ఎండితే రాయవుతుంది.

కోళ్ల ఫారాలు ఉన్న ఊళ్లలో ఊక పరిచే అలవాటు ఉంది. కోళ్లకు అది సరే, అక్కడ కింద పొడిగా ఉండటమే కావాలి, ఇక్కడ కావలసింది దానికి పూర్తిగా వేరు. తడి తగిలిన ఊక తొందరగా బూజు పడుతుంది. మన పాలమూరు వైపు ఊరికే దొరుకుతుందని పల్లికాయ పొట్టు వేస్తారు, అది ఇంకా ప్రమాదం, తడిసిన పల్లి పొట్టుకు పట్టే బూజులో విషం ఉంటుంది. రంపపు పొట్టు, ఒట్టి ఇసుక కూడా వద్దు. ఇసుక తిండితో పాటు కడుపులోకి పోయి పేగులకు అడ్డం పడుతుంది. తిండిని మట్టి మీద కాకుండా చిన్న షాబాద్ బండ ముక్క మీద పెడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది, పైగా ఆ గరుకు మీద గోళ్లు కూడా అరుగుతాయి.

పిల్లలకు కనీసం మూడు నాలుగు అంగుళాల మందం పరచండి, అది తనను తాను పూడ్చుకోగలగాలి. తడి ఎంతన్నది చెప్పడానికి మీటరు అక్కర్లేదు, మన రైతులు విత్తనం వేసే ముందు నేల పదును చూసినట్టే చూడాలి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ముద్ద నిలవాలి, వేళ్ల మధ్య నుంచి చుక్క కారకూడదు. ఇక్కడ చాలామంది స్ప్రే సీసాతో రోజంతా పైన చల్లుతూ ఉంటారు, దాంతో పైన బురద, అడుగున పొడి. కావలసింది దానికి తిరగేసి. నీళ్లు మూలల్లో నెమ్మదిగా పోయండి, అడుగుకు దిగి పక్కలకు పాకుతాయి, పై పొర మాత్రం చేతికి అంటనంత పొడిగా ఉండాలి. ఎందుకంటే తాబేలు కడుపు భాగం ఎప్పుడూ తడిలో ఉంటే ఆ డొప్ప మెత్తబడుతుంది, ఎర్రటి మచ్చలు వస్తాయి, వాసన వస్తుంది, కుళ్లు మొదలైందన్నమాట. వారానికోసారి తాబేలును ఎత్తి కడుపు వైపు చూడండి.

నీళ్ల సంగతి మన జిల్లాల్లో విడిగా చెప్పాలి. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, నల్లగొండ వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఆ నీళ్లే నెలల తరబడి పోస్తుంటే తడి ఆరిపోతుంది గానీ ఉప్పు మట్టిలోనే మిగిలిపోతుంది, గూడు గోడల మీద తెల్లటి చారలు కట్టేది అదే. మిషన్ భగీరథ నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో పోయండి.

ఎండాకాలం మన దగ్గర 44 డిగ్రీలు దాటిన రోజుల్లో పైన మూత లేని గూడు పొద్దున తడిపితే సాయంత్రానికి ఎండిపోతుంది, ఫ్యాను కింద ఉంటే ఇంకా తొందరగా. గూటికి మూడొంతులు మూత వేసి, గాలి ఆడటానికి కొంచెం వదలండి. ఒక పక్కన బోర్లించిన మట్టికుండ సగం ముక్క పెట్టి, దాని కింద మిగతా చోటు కంటే కొంచెం ఎక్కువ పదును ఉంచితే తాబేలు తనకు కావలసినప్పుడు దూరుతుంది. తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ కొన్ని వందల రూపాయలకే వస్తుంది, దాన్ని గోడ పైన కాదు, తాబేలు తల ఎత్తున పెట్టండి. పిల్లలకు 80 శాతం చుట్టుపక్కల చూపిస్తే టెన్షన్ అక్కర్లేదు.

అసలు భయపడాల్సింది చలికాలంలో. నేను చెప్పిన పదునులో తడి ఉంటే ఏం కాదు, దానికి చలి తోడైతేనే ముప్పు. డిసెంబరు రాత్రి చల్లటి తడి మట్టిలో పడుకున్న తాబేలుకు ఊపిరితిత్తుల్లో జబ్బు పట్టుకుంటుంది. ముక్కు వెంట నీరు, బుడగలు, నోరు తెరిచి గాలి పీల్చడం కనిపిస్తే ఇంటి వైద్యం చేయకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. రాత్రి గూట్లో 26, 27 డిగ్రీలకు తగ్గకుండా థర్మోస్టాట్, అంటే వేడిని దానంతట అదే అదుపు చేసే పరికరం, పెట్టిన సిరామిక్ హీటర్ వాడండి. కరెంటు పోయి, వేడి ఇవ్వడం కుదరదని తెలిసిన రోజున నీళ్లు పోయడం ఆపేయండి.

శుభ్రం చేయడం పెద్ద పనేం కాదు. పెంట, మిగిలిన ఆకు ఏ రోజుకారోజు తీసేయాలి, వారానికోసారి అడుగు నుంచి తిరగేయాలి, మూడు నాలుగు నెలలకు మొత్తం మార్చాలి. తెల్లటి బూజు అక్కడక్కడా కనిపిస్తే ఆ భాగం తీసి పారేసి మిగతాది కలియబెట్టండి, గాలి దారి పెంచండి. మంచి మట్టికి తొలివాన వాసన వస్తుంది, పుల్లటి వాసనో అమ్మోనియా ఘాటో వస్తే నెలలు లెక్కపెట్టకుండా అప్పుడే మార్చేయండి. వానాకాలంలో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి పోసే నీళ్లు సగానికి సగం తగ్గించి, ఎప్పుడు పోయాలన్నది గుప్పెట్లో పిండి చూశాకే నిర్ణయించుకోండి. ఉంటాను, నమస్కారం.