సన్నబియ్యం వెనక చిరుసంచి

నమస్కారం అండీ. వ్యవసాయ యూనివర్సిటీలో కనిపెట్టింది పొలానికి ఎలా చేరుతుంది అంటే శిక్షణ తరగతులు, కరపత్రాలు, ఈ మధ్యైతే యాప్‌లు అంటారు. నన్నడిగితే, వరి విషయంలో వీటన్నిటికంటే ఎక్కువ పని చేసింది చిరుసంచి. అదే, మినీకిట్.

బాపట్ల, మారుటేరు, జగిత్యాల, రాజేంద్రనగర్ లాంటి పరిశోధనా స్థానాల్లో కొత్త రకం తయారవుతుంది. అక్కడి మడుల్లో నెగ్గినంత మాత్రాన విడుదల చెయ్యరు. కొద్దికొద్దిగా విత్తనం సంచుల్లో కట్టి రైతుల చేతికిస్తారు. రైతు దాన్ని తన పాత రకం పక్కనే, తన ఎరువుతో, తన కాలవ నీళ్లతో పండిస్తాడు. రెండు మూడేళ్లు ఇదే వరస.

శాస్త్రవేత్త ముందు చూసేది దిగుబడి. రైతు చూసేవి ఇంకా చాలా ఉంటాయి. గాలివానకి చేను పడిందా? కోతలో గింజ రాలిందా? మిల్లులో నూకెంత పోయింది? గడ్డి గేదెలు ముడుతున్నాయా? పొద్దున వండిన అన్నం రాత్రికి ఎలా ఉంది? వీటిలో ఏది తేడా కొట్టినా మరుసటేడు ఆ రకం ఆ ఊళ్లో కనపడదు.

బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 సంగతే చూడండి, అదేనండీ సాంబ మసూరి. 1986లో విడుదలైంది. పంటకాలం 150 రోజులు. అగ్గితెగులు, ఎండాకు తెగులు, రసం పీల్చే సుడిదోమ, అన్నిటికీ లొంగుతుంది. కాగితం మీద చూస్తే ఎప్పుడో మూలన పడాల్సిన రకం. రైతు వదల్లేదు! ఆ సన్నగింజకి ధర పలుకుతుంది, ఆ అన్నం ఇంట్లో అందరికీ నచ్చుతుంది. దాంతో శాస్త్రవేత్తలే దారి మార్చుకున్నారు. గింజ అలాగే ఉంచి మిగతావి సరిచేసే పనిలో పడ్డారు. జీవకణాల మీద పరిశోధన చేసే హైదరాబాద్ సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధనా సంస్థ కలిసి ఎండాకు తెగుల్ని తట్టుకునే మూడు జన్యువులు చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరి ఇచ్చాయి. 2015లో తెలంగాణ సోనా, ఆర్‌ఎన్‌ఆర్ 15048, వచ్చింది. సుమారు 125 రోజులకే కోతకొస్తుంది, అగ్గితెగులు తట్టుకుంటుంది. దాని తల్లిదండ్రుల్లో ఒకటి మారుటేరు 1010 అనే రకం, రెండోది జగిత్యాల రకం.

ఇక 1982 నాటి మారుటేరు రకం స్వర్ణ ఒడిశా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ దాకా పోయింది. సరిహద్దు దాటించింది ఏ యూనివర్సిటీనో కాదు, రైతులే.

విత్తనం దారి తనే వెతుక్కుంటుంది సరే. సలహా సంగతేంటి? సుడిదోమకి యూనివర్సిటీ ఎన్నాళ్లుగానో చెప్తోంది, నాట్లప్పుడే ప్రతి రెండు మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని. పైసా ఖర్చు లేని పని. కానీ అది అమ్మితే ఎవరికీ లాభం రాదు, అందుకే దాన్ని ఊరూరా మోసేవాళ్లు తక్కువ. దోమ కనపడ్డ సాయంత్రం రైతు పరిగెత్తేది పురుగుమందుల కొట్టుకే.

ఆ కొట్టాయననే విద్యార్థిని చేద్దామని హైదరాబాద్‌లో వ్యవసాయ విస్తరణ శిక్షణనిచ్చే మేనేజ్ సంస్థ 2003లో డీలర్లకి ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. పేరు దేశీ. వారానికో రోజు క్లాసు, పొలం సందర్శనలు. ఆలోచన మంచిదే. చదువుకున్న డీలరు మోతాదు సరిగ్గా చెప్తాడు, నకిలీ మందు గుర్తుపడతాడు. కానీ "ఇప్పుడు మందు అక్కర్లేదు, నీళ్లు తీసి ఆరబెట్టు బాబాయ్" అని కౌంటర్లో కూర్చుని చెప్తాడా? నాకు నమ్మకం తక్కువ. ఆ మాట చెప్పాల్సింది జీతం తప్ప కమీషన్ రాని మనిషి. రైతులకి సలహాలిచ్చే జిల్లా ఏరువాక కేంద్రాల్లో, కృషి విజ్ఞాన కేంద్రాల్లో అలాంటి శాస్త్రవేత్తలున్నారు, కానీ కొద్దిమందే. జిల్లా అంతా వాళ్లే తిరగాలి.

కాబట్టి నారు పోసే ముందే ఒకసారి అక్కడికి వెళ్లండి. కొత్త రకాల చిరుసంచులేమైనా ఉన్నాయా అని అడగండి. దొరికితే మంచి మడి, చవుడు మడి రెండింటిలోనూ కొంచెం కొంచెం వెయ్యండి. కోతయ్యాక వాళ్లకి దిగుబడి ఒక్కటే చెప్పి రాకండి, మిల్లులో నూకెంత పోయిందో, గడ్డి గేదెలు తిన్నాయో లేదో అది కూడా రాయించండి.