లెక్క తప్పిన క్రోమోజోము, అక్షరం తప్పిన జన్యువు

సభకు నమస్కారం.

క్రోమోజోముకూ జన్యువుకూ తేడా చెప్పమంటే, జీవశాస్త్రం చదువుకున్నవారు సైతం "క్రోమోజోము దండ, జన్యువులు అందులోని పూసలు" అంటారు. పండ్ల ఈగలపై అమెరికా శాస్త్రవేత్త మోర్గాన్ బృందం పరిశోధనలు సాగించిన రోజులలో ఆ పోలిక బాగానే పనికివచ్చింది. కానీ పూస వేరు, దారం వేరు అన్న అపోహను కూడా అదే మిగిల్చింది. నేనైతే పూలమ్మే ఆమె మూర వేసి ఇచ్చే మల్లెల మాలను తలచుకోమంటాను. మూర అనేది విడి వస్తువు కాదు, మాలలోనే కొంత మేర. జన్యువూ అంతే: డీఎన్ఏ పోగులో, ఒక ప్రోటీను తయారీకో ఆర్‌ఎన్‌ఏ తయారీకో కావలసిన సమాచారం ఉన్న కొంత మేర. ఆ పోగు మొత్తం, దానిని చుట్టలుగా పట్టి ఉంచే హిస్టోన్ ప్రోటీన్లతో సహా, క్రోమోజోము.

మన 11వ క్రోమోజోములో సుమారు 13.5 కోట్ల అక్షరాలున్నాయి. అక్షరాలంటే డీఎన్ఏ పోగులో వరుసగా ఉండే ఏ, టి, జి, సి అనే నాలుగు రకాల రసాయన ముక్కలు. హిమోగ్లోబిన్‌లో ఒక భాగమైన బీటా గ్లోబిన్‌ను తయారుచేయించే జన్యువు దాని మీదనే ఉంది. దాని నిడివి దాదాపు 1,600 అక్షరాలు. ఆ జన్యువును ఒక మూర అనుకుంటే, మూరకు 45 సెంటీమీటర్ల లెక్కన, మాల మొత్తం 38 కిలోమీటర్లు సాగుతుంది.

పేర్లు పుట్టిన తీరు కూడా గమనించదగినది. రంగును పీల్చుకుని సూక్ష్మదర్శినిలో కనబడే పోగులకు 1888లో వాల్డేయర్ క్రోమోజోము అని పేరు పెట్టాడు. జన్యువుకు ఆంగ్లంలో వాడే 'జీన్' అన్న మాటను 1909లో యోహాన్సెన్ తెచ్చాడు. అప్పటికి అది ఏ పదార్థమో ఎవరికీ తెలియదు. ఒకటి చూసి పెట్టిన పేరు, మరొకటి చూడకుండానే పెట్టిన పేరు.

ఈ తేడా పరీక్షశాలలో నేటికీ అలాగే ఉంది. క్రోమోజోములను చూడాలంటే కొద్దిపాటి రక్తం తీసి, అందులోని తెల్లకణాలు విభజన చెందేలా రాజ్మా గింజల నుంచి తీసిన ఒక పదార్థం కలిపి, 37 డిగ్రీల వేడిలో మూడు రోజులు పెంచుతారు. తరువాత కాల్చిసిన్ వంటి మందుతో విభజనను సరిగ్గా మధ్యలో ఆపి, పలుచని ఉప్పు ద్రావణంలో కణాలను ఉబ్బజేసి, గాజు పలకపై చుక్కగా వేసి రంగు అద్దుతారు. అప్పుడు 46 పోగులు లెక్కకు దొరుకుతాయి. ఈ 46 అన్న లెక్కే 1956 దాకా తేలలేదు. చియో, లెవాన్ సరిదిద్దేవరకు శాస్త్రవేత్తలు 48 అనే రాసుకున్నారు.

పుట్టుకతోనే వచ్చి ఎదుగుదలను మందగింపజేసే డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ రక్తంలో ఈ లెక్క సాధారణంగా 47 వస్తుంది. 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటాయని 1959లో లెజూన్, ఆయన సహచరులు ప్రకటించారు. ఇక్కడ నేను నొక్కి చెప్పదలచినది ఒకటుంది: అదనంగా వచ్చిన ఆ పోగు మీద ఏ జన్యువూ చెడిపోయి ఉండనక్కరలేదు. ప్రతిదీ సక్రమమైనదే, కాకపోతే మోతాదు ఒకటిన్నర రెట్లు.

సికిల్ సెల్ వ్యాధి దీనికి పూర్తిగా తలకిందులు. ఉత్తరాంధ్ర మన్యంలోను, ఆదిలాబాద్ గూడేలలోను కనిపించే ఈ వ్యాధిలో 46 పోగులూ ఉంటాయి. మనం చెప్పుకున్న ఆ 1,600 అక్షరాల మేరలో ఒకచోట 'ఏ' బదులు 'టి' పడుతుంది. దానితో ప్రోటీను గొలుసులో ఆరవ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లానికి బదులు వాలైన్ అనే మరొకటి చేరుతుందని ఇన్‌గ్రామ్ 1957లో చూపాడు. ఆ ఒక్క మార్పుతో, ఆక్సిజన్ తగ్గినప్పుడల్లా హిమోగ్లోబిన్ అణువులు కడ్డీలుగా పేరుకుని ఎర్రకణాన్ని కొడవలిలా వంచుతాయి.

మన ఇళ్లలో బిడ్డకు ఏ లోపమున్నా ముందుగా నింద పడేది మేనరికం మీద. సికిల్ సెల్ విషయంలో ఆ అనుమానానికి ఆధారముంది: దగ్గరి బంధువులిద్దరూ ఒకే లోపభూయిష్ట జన్యువును మోస్తుండే అవకాశం ఎక్కువ, ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదముంటుంది. డౌన్ సిండ్రోమ్‌లో మాత్రం ఎక్కువ సందర్భాలలో జరిగేది, అండం తయారయ్యేటప్పుడు రెండు పోగులు విడిపోకపోవడమే. తల్లి వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది. 40 ఏళ్లకు అది దాదాపు నూటికి ఒకటి. భర్త మేనమామ కొడుకైనా, పరాయి ఊరివాడైనా ఈ లెక్క మారదు. 21వ పోగు మరో పోగుకు అతుక్కుని వంశంలో దిగివచ్చే అరుదైన రకాన్ని మాత్రం విడిగా పరీక్షించాలి.

ఒకసారి ఒక దంపతులు, తరచూ కీళ్లనొప్పులతో బాధపడే తమ బాబు రిపోర్టు తెచ్చి నాకు చూపారు. అందులో క్రోమోజోములు 46, అన్నీ సాధారణం అని ఉంది. "మరి జన్యుదోషం లేనట్టేగా, సార్?" అని తండ్రి ఆశగా అడిగాడు. రిపోర్టులో తప్పేమీ లేదు. అది పోగులను లెక్కపెట్టింది, అక్షరాలను చదవలేదు. సికిల్ సెల్ ఉందేమో తేల్చడానికి, హిమోగ్లోబిన్ ఎంతుందో కాక ఏ రకమో చెప్పే పరీక్ష చేయించమని చీటీ రాసి పంపాను.